హైదరాబాద్‌లో ఎక్కడ దిగాలి?

హైదరాబాద్‌కు బదిలీ అయిందని తెలియగానే చుట్టాలంతా తలా ఒక ఏరియా పేరు చెబుతారు. కేపీహెచ్‌బీలో ఉన్న బావగారు కూకట్‌పల్లి దాటి చూడొద్దంటారు. వనస్థలిపురం పిన్ని తమ కాలనీ అంత ప్రశాంతత సిటీలో ఇంకెక్కడా లేదంటుంది. కొండాపూర్‌లో ఫ్లాటు కొన్న స్నేహితుడు "ఇటు కాక ఇంకెటు పోతావురా" అని తేల్చేస్తాడు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎప్పుడో తాము తీసుకున్న నిర్ణయాన్ని సమర్థించుకుంటున్నారు, అంతే. ఇక బ్రోకర్ సంగతి చెప్పక్కర్లేదు. అతని చేతిలో ఖాళీ ఇల్లు ఎక్కడుంటే ఆ ఏరియానే మంచిది.

ఈ సలహాలనూ, అర్థశాస్త్రం వేసిన లెక్కలనూ, గత పాతికేళ్లలో ఈ నగరం పెరిగిన తీరునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక లోపం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇంటి వేట ఎప్పుడూ సంపాదించే మనిషి ఆఫీసు చుట్టూనే తిరుగుతుంది. ఆ మనిషేమో పొద్దున తొమ్మిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వస్తాడు. రోజంతా ఆ ఏరియాలో బతికేది ఇంట్లో మిగిలినవాళ్లు. ట్యాంకర్ కోసం ఫోన్ చేసేది వాళ్లే, బడి బస్సు దగ్గర నిలబడేది వాళ్లే, బీపీ మాత్రలకు మందుల షాపు దాకా నడిచేదీ వాళ్లే. వాళ్ల సౌకర్యం సంగతి ఇంట్లో దిగాక గాని గుర్తుకురాదు.

ఆఫీసు చుట్టూ తిరిగే ఆలోచనకు శాస్త్రం అండ లేకపోలేదు. 1964లో విలియం అలోన్సో అనే అర్థశాస్త్రవేత్త ఈ బేరాన్ని సూత్రబద్ధం చేశాడు. పనిచేసే చోటికి దగ్గరైతే నేల ఖరీదెక్కువ, దూరమైతే ప్రయాణం ఖరీదెక్కువ. ప్రతి కుటుంబమూ ఈ రెంటినీ తూచుకుని తనకు గిట్టిన చోట ఆగుతుంది. అలోన్సో పేరు వినకుండానే మనవాళ్లంతా వేసే లెక్క ఇదే. కొండాపూర్‌లో రెండు బెడ్‌రూంలకిచ్చే అద్దెకు బాచుపల్లిలో మూడొస్తాయి, ఇంకాస్త లోపలికి వెళ్తే కారుకు నీడ కూడా దొరుకుతుంది అనుకుంటారు.

లెక్క సబబుగానే ఉంది. చిక్కేమిటంటే మనం తక్కెడ రెండో వైపు పెట్రోలు ఖర్చు తప్ప ఇంకేమీ వేయం. స్విట్జర్లాండ్ అర్థశాస్త్రవేత్తలు బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ జర్మనీ కుటుంబాల వివరాలను ఏళ్ల తరబడి పరిశీలించి 2008లో ఒక పత్రం ప్రచురించారు. దూరం నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లకు ఆ శ్రమకు తగ్గ ప్రతిఫలం, తక్కువ అద్దె రూపంలో గాని ఎక్కువ జీతం రూపంలో గాని, పూర్తిగా దక్కడం లేదని తేల్చారు. ప్రయాణం పెరిగినకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గింది. పెద్ద ఇంటికి వారంలో అలవాటు పడిపోతాం. ట్రాఫిక్‌కు మాత్రం పదేళ్లయినా అలవాటు పడం. మియాపూర్ చౌరస్తాలో రోజూ పొద్దున నిలబడేవాళ్లకు ఈ మాట జర్మనీ నుంచి రావాల్సిన పని లేదనుకోండి.

అలోన్సో లెక్కకు హైదరాబాద్‌లో మరో ఇబ్బంది ఉంది. అతని నగరానికి నడిబొడ్డు ఒక్కటే, మనకు ఆ ఒక్కటి ఏదో చెప్పలేం. ఒకప్పుడు అబిడ్స్, కోఠి, సికింద్రాబాద్. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక బరువంతా పడమటికి ఒరిగింది. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట. అయినా తార్నాక, హబ్సిగూడలో పరిశోధన సంస్థలున్నాయి, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ, ఆదిభట్లలో, పోచారంలో ఐటీ క్యాంపస్‌లు, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులై, ఒకరిది పోచారం, ఇంకొకరిది గచ్చిబౌలి అయిన ఇళ్లు ఈ నగరంలో కొల్లలు. అలాంటి ఇళ్లలో సాధారణంగా ఎవరి జీతం ఎక్కువైతే వాళ్ల ఆఫీసు దగ్గర ఇల్లు తీసుకుంటారు, రెండో మనిషి రెండేళ్లలో ఉద్యోగం మానేస్తుంది. మానేసేది ఎక్కువగా ఎవరో చెప్పనక్కర్లేదు.

దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే మోసపోతాం. నాగోల్ నుంచి రాయదుర్గానికి మెట్రో నేరుగా వెళ్తుంది, రైలు మారే పని లేకుండా దాదాపు గంటలో దింపుతుంది. మ్యాపు మీద హైటెక్ సిటీకి అంతకంటే ఎంతో దగ్గరున్న నిజాంపేట, బాచుపల్లి నుంచి ఆఫీసు వేళలో కారులో బయలుదేరితే ఎంతసేపు పడుతుందో ఆ రోజు వర్షం చెప్పాలి. అందుకే హైటెక్ సిటీలో పనిచేస్తూ ఆ మెట్రో దారిలోని ఉప్పల్‌లో ఉండేవాళ్లను చూసి జాలిపడనక్కర్లేదు. 2017 నవంబర్‌లో మొదలైన మెట్రో మూడు దారుల్లో 69 కిలోమీటర్ల మేర నడుస్తోంది. ఏ స్టేషన్‌కైనా నడిచి వెళ్లగలిగే ఇల్లు దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా ఇవ్వొచ్చన్నది నా అభిప్రాయం. అయితే నగరం అంచుల వైపు ఈ దారులు రాయదుర్గం దగ్గర, నాగోల్ దగ్గర, ఎల్బీనగర్ దగ్గర, మియాపూర్ దగ్గర ఆగిపోయాయి. "రాబోయే మెట్రో" మాట బ్రోచర్‌లో కనిపిస్తే దాన్ని ఇంటి ధరలోంచి తీసేసి చూడండి. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. బోడుప్పల్, పీర్జాదిగూడ జనం ఏళ్ల తరబడి ఆ స్తంభాల మధ్య దుమ్ము తింటూ వచ్చిపోయారు. రావాల్సిన వంతెన మీద లెక్కగట్టి కొన్నవాళ్లందరికీ ఈ కథ తెలుసు.

రింగు రోడ్డు మరో మాయ. 158 కిలోమీటర్ల ఔటర్ నగరం చుట్టూ ఉంది కాబట్టి దాని పక్కన ఇల్లుంటే ఎక్కడికైనా చిటికెలో వెళ్లొచ్చనిపిస్తుంది. కాని ఔటర్ ఎక్కాలంటే ఇంటర్‌చేంజ్ దాకా పోవాలి, టోల్ కట్టాలి. ముఖ్యంగా టూవీలర్లను దాని మీదికి రానివ్వరు. స్కూటీ మీద తిరిగే ఇల్లాలికీ, బైకు మీద వెళ్లే కుర్రాడికీ ఔటర్ అంటే కిందనున్న సర్వీసు రోడ్డే.

పడమటి శివార్లలో నలభై, యాభై అంతస్తుల టవర్లు ఎందుకు లేస్తున్నాయో కూడా తెలిసి ఉండాలి. 2006లో వచ్చిన జీవో 86తో హైదరాబాద్‌లో నిర్మాణాలకు ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఎత్తేశారు. ముంబై, బెంగళూరుల్లో స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టొచ్చో హద్దుంటుంది. ఇక్కడ రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ సరిపోతే పైకి ఎంతైనా పోవచ్చు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం నూరు కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాడు పైకి కట్టకుండా ఎలా ఉంటాడు? పైకి ఫ్లాట్లు పెరిగినంత వేగంగా కింద రోడ్లు, మురుగు పైపులు పెరగలేదు. పది టవర్లూ నిండిన రోజున ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఇప్పుడు సగం ఖాళీగా ఉన్న టవర్‌ను చూస్తే తెలియదు.

పుస్తకాల్లో లేని సూత్రం ఒకటి మన జనం తమంతట తామే కనిపెట్టారు. ఊరి దారిని బట్టి దిగడం. నల్లగొండ, సూర్యాపేట, విజయవాడ వైపువాళ్లు ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్‌లలో స్థిరపడ్డారు. వరంగల్‌వాళ్లకు ఉప్పల్. కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకు జూబ్లీ బస్టాండ్ అందేలా అల్వాల్, కొంపల్లి. పాలమూరు, కర్నూలు వాళ్లకు ఆరాంఘర్ దగ్గరుండేలా రాజేంద్రనగర్, అత్తాపూర్. కూకట్‌పల్లి ఒక్కటీ ఈ సూత్రానికి లొంగదు, కోస్తా వాళ్లు అక్కడ దారి చూసి కాక మనుషుల్ని చూసి చేరారు. చదువుకున్నవాళ్లు ఈ పద్ధతిని చాదస్తమంటారు గాని, ఊళ్లో ముసలి తల్లిదండ్రులున్నవాళ్లకు ఇదే అసలైన లెక్క. రాత్రి పదింటికి నాన్నకు బాగోలేదని ఫోన్ వస్తే ఎటు నుంచి బయలుదేరుతున్నామన్నదాన్ని బట్టి గంట, గంటన్నర తేడా వస్తుంది. సంక్రాంతికి ముందు విజయవాడ దారిలోని పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్ల బారులు టీవీలో చూసి నవ్వుకునేవాళ్లు, అక్కడికి చేరడానికే సిటీని అడ్డంగా దాటిన మియాపూర్ కుటుంబాన్ని ఒకసారి అడగాలి.

వీటన్నిటికంటే పెద్దది నీళ్ల సంగతి. లేని నీళ్లూ, వద్దన్నా వచ్చే నీళ్లూ.

లేని నీళ్ల సంగతి మే నెల చెబుతుంది. టూలెట్ బోర్డు మీద "మంజీరా వాటర్ ఉంది" అని రాస్తే అది ఇప్పటికీ ఒక హోదా. మంజీరాతో పాటు నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి కూడా వస్తున్నాయి గాని జనం నోట అన్నీ మంజీరాయే. ఆ పైపు చేరని చోట బోరే గతి. మనది నల్లరాతి నేల, ఆ రాతి పగుళ్లలో దొరికినన్ని నీళ్లే. పక్కింటి బోరులో పుష్కలంగా ఉండి మన బోరు దుమ్ము కక్కడం ఇందువల్లే. ఒక స్థలంలో ఒక ఇల్లుండే చోట ముప్పై ఫ్లాట్లొచ్చాక, వీధి వీధంతా పోటీపడి తవ్వాక, వేయి అడుగులు దిగినా తడి తగలని కాలనీలు పడమట చాలా ఉన్నాయి. 2024 వేసవిలో పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు కూడా ట్యాంకర్ కోసం వరుసలో నిలబడ్డాయి. జీహెచ్‌ఎంసీ పరిధిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితమన్న పథకం 2021 నుంచి ఉంది. అయితే కుళాయి ఉన్నవాళ్లకే ఆ ఉచితం.

ఈ విషయం ఓనరును అడిగితే "నీళ్లకు ఢోకా లేదండీ" అంటాడు. అడగాల్సింది వాచ్‌మన్‌ను. ఓనరు పైన ఫ్లాటు తాళం తీస్తుండగా కింద రెండు నిమిషాలు ఆగి, "అన్నా, మే నెలల రోజుకు ఎన్ని ట్యాంకర్లు దింపుతరు?" అంటే చాలు. "నాలుగు దింపుతం సార్, ఆదివారం ఐదు. అందరూ బట్టలు ఉతుకుతరు గదా" అని ఉన్నదున్నట్టు చెబుతాడు. ఆ ట్యాంకర్ల డబ్బు మెయింటెనెన్స్‌లో కలిపి వసూలు చేస్తారా, విడిగానా అన్నది కూడా అతనికి తెలుసు. అలాగే సెల్లారులోకి దిగి గోడలు చూడాలి. కొత్తగా రంగు వేసిన గోడకు నడుము ఎత్తున ఒక గీత మసకగా తేలి ఉంటే, మూలన నీళ్లు తోడే మోటారు ఎప్పుడూ బిగించే ఉంటే, రెండో సమస్య కూడా అక్కడే ఉందన్నమాట.

ఆ రెండోది అర్థం కావాలంటే పాత హైదరాబాద్ తెలియాలి. చుట్టుపక్కల చెరువులన్నీ గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే అలుగు పారి కిందిదానికి, దాని నుంచి ఇంకో కిందిదానికి, చివరికి మూసీలోకి. 1908 సెప్టెంబర్ 28న మూసీ ముంచెత్తి నగరాన్ని తుడిచిపెట్టాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, నదికి పగ్గం వేశారు. గొలుసు చెరువులకు మాత్రం మనం ఆ తర్వాతి కాలంలో కట్టలు తెంచి, నాలాలు కుదించి, శిఖం భూముల్లో ప్లాట్లు కోశాం. 2016 సెప్టెంబర్ వానలకు నిజాంపేటలోని భండారి లేఅవుట్‌లో సెల్లార్లు నిండి జనం రోజుల తరబడి పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. 2020 అక్టోబర్‌లో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్‌ను ముంచింది, టోలిచౌకిలో నదీం కాలనీ చెరువై కూర్చుంది, సరూర్‌నగర్ చుట్టూ కాలనీల్లో పడవలు తిరిగాయి. వీటిలో పేదల బస్తీలున్నాయి, లక్షలు పోసి కొన్న అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. నీళ్లు పల్లం చూస్తాయి, స్క్వేర్ ఫీట్ రేటు చూడవు.

కొనేవాళ్లకు ఇందులో మరో ముడి ఉంది. చెరువు నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో అది ఎఫ్‌టీఎల్. 2012 నాటి నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులూ కుంటలూ అయితే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడి బుల్డోజర్లు దించాక గాని ఈ మాటలు ఇంటింటా వినబడలేదు. అప్పుడు అమీన్‌పూర్‌లో, మాదాపూర్‌లో, కూకట్‌పల్లిలో కూలిన నిర్మాణాల ముందు జనం చూపించిన కాగితాల్లో రిజిస్ట్రేషన్ పత్రాలున్నాయి, పన్ను రసీదులున్నాయి. రిజిస్ట్రేషన్ అయిందంటే స్థలం సవ్యమైందని కాదు, స్టాంపు డ్యూటీ కట్టామని మాత్రమే. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులను హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో పెట్టింది, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా సైట్‌లో ప్రాజెక్టు నంబరు కొడితే దాని వివరాలు వస్తాయి. తూర్పు ఫేసింగా, ఈశాన్యం పెరిగిందా అని వాస్తు పండితుణ్ణి కారులో ఎక్కించుకు వెళ్లే మనిషి, ఈ రెండు పేజీలు తెరవడానికి మాత్రం బద్ధకిస్తాడు. "ప్రీలాంచ్" అంటూ రెరా నంబరు లేకుండా డబ్బు అడిగేవాడి దగ్గర ఇక చర్చ అనవసరం.

గాలి సంగతి ఒక్క మాట. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన గాలివాటును బట్టి దమ్మాయిగూడ, నాగారం వైపు కొడుతుంది. బొల్లారం, జీడిమెట్ల ఫ్యాక్టరీల ఘాటు గురించి బాచుపల్లి, అమీన్‌పూర్ వాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. అది ఎక్కువగా రాత్రుళ్లే తెలుస్తుంది, ఇల్లు చూడ్డానికి మనం వెళ్లేదేమో ఆదివారం పదకొండింటికి.

ఎంపిక, ఎంపిక అంటున్నాం గాని అది అందరికీ ఉన్నట్టు రాయడం అన్యాయం. "మనోళ్లేనా?" అన్న ప్రశ్న అద్దె ఇంటి గుమ్మంలో ఇప్పటికీ మామూలే. సూటిగా కులం అడగడానికి మొహమాటపడేవాడు ఇంటిపేరు అడుగుతాడు, ఊరు అడుగుతాడు, నాన్‌వెజ్ తింటారా అంటాడు. పేరు విని ఫోన్ పెట్టేసే ఓనర్ల సంగతి ఏ ముస్లిం కుర్రాడిని అడిగినా చెబుతాడు. అర్థశాస్త్రవేత్త సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు ఢిల్లీ, పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే బయటపడింది: దళితులకు, ముస్లింలకు ఇల్లు నిరాకరించడం మామూలు, ఇచ్చినా షరతులు ఎక్కువ. హైదరాబాద్ ఇందుకు మినహాయింపని ఇక్కడ ఇల్లు వెతికినవాళ్లెవరూ అనరు. ఒకే రకం మనుషులు ఒకేచోట చేరడం ఎప్పుడూ వాళ్ల ఇష్టమే అనుకోకూడదు. ఇక శ్రీకాకుళం నుంచో పాలమూరు నుంచో వచ్చిన కూలీ కుటుంబానికి ఏరియా అంటే కూలీల అడ్డాయే. తెల్లవారి ఆరింటికి అక్కడ నిలబడకపోతే ఆ రోజు పని లేదు, కాబట్టి ఇరుకు గదికి ఎక్కువ అద్దె ఇచ్చైనా అడ్డాకు నడిచే దూరంలోనే ఉంటారు. ఆఫీసుకు దూరంగా విశాలమైన ఇల్లు అనే బేరం కుదరాలంటే ముందు నెల జీతం ఉండాలి.

పిల్లల విషయంలో బయటి పరిశోధన ఒకటి పనికొస్తుంది. అమెరికాలో 1990లలో కొన్ని పేద కుటుంబాలను మెరుగైన ఏరియాలకు మార్చి చూశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక అర్థశాస్త్రవేత్త రాజ్ చెట్టి బృందం 2016లో లెక్కతీస్తే, పదమూడేళ్ల లోపు మారినవాళ్ల సంపాదన మారనివాళ్లకంటే దాదాపు 31 శాతం ఎక్కువ తేలింది. పదమూడు దాటాక మారినవాళ్లకు ఆ లాభం లేదు. అమెరికా పేదవాడల లెక్కను మన కాలనీలకు అలాగే అతికించలేం. అయినా ఇంటర్ కోచింగ్ కోసం పిల్లాడు పదో తరగతి కాగానే ఇల్లు మార్చే మన అలవాటుకు అది కాస్త ఎదురు ప్రశ్న. చిన్న పిల్లలున్నవాళ్లు మాత్రం ముందు బడి ఎంచుకుని, దాని చుట్టూ ఇల్లు వెతకడమే మంచిది. రోజుకు మూడు గంటలు బస్సులో కూర్చునే ఒకటో తరగతి పిల్ల పడే అవస్థ ఏ అద్దె తగ్గింపుతోనూ పూడదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే చూడాల్సినవి ఇంకా చిన్నవి. గేటు దాటి నడవడానికి ఫుట్‌పాత్ ఉందా, కిరాణా కొట్టు ఎంత దూరం, బస్సు వస్తుందా? 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. దిల్‌సుఖ్‌నగర్‌లోనో అల్వాల్‌లోనో ఉన్న అత్తగారు దాన్ని పట్టుకుని కూతురింటికీ గుడికీ ఎవర్నీ అడగకుండా వెళ్లొస్తోంది. అదే అత్తగారిని టవర్ ఇరవై రెండో అంతస్తుకు తీసుకువస్తే, కొడుకు క్యాబ్ బుక్ చేస్తే తప్ప కదలలేదు. ఏరియాకు మార్కులు వేసే వెబ్‌సైట్లు పబ్బులు, మాల్స్ లెక్కపెడతాయి గాని ఇది లెక్కపెట్టవు. పాత మధ్యతరగతి కాలనీలైన వనస్థలిపురం, సైనిక్‌పురి, హబ్సిగూడ, మల్కాజ్‌గిరి ఈ పరీక్షలో కొత్త టవర్లను సునాయాసంగా ఓడిస్తాయి. అందుకే ఇంట్లో ఇద్దరే ఉండి ఇద్దరికీ గచ్చిబౌలిలో ఉద్యోగమైతే పడమరే సరి, అమ్మానాన్నలతో, బడి పిల్లలతో వచ్చే కుటుంబమైతే మెట్రో అందే తూర్పు, ఉత్తర కాలనీలు ముందు చూడాలి అంటాను.

ఏ వైపైనా సరే, వచ్చీరాగానే కొనొద్దు. ఒక వానాకాలం, ఒక వేసవి అద్దెకుండి చూడండి. ఇక్కడ ఒక సాంకేతిక చిక్కు ఉంది. మన అద్దె అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలకే రాస్తారు. బడులు తెరిచే జూన్ ఒకటో తేదీన దిగితే అది ఏప్రిల్‌తో ముగుస్తుంది, నీళ్ల పరీక్ష జరిగే మే నెల బయటే ఉండిపోతుంది. దిగే రోజే ఓనరుతో మాట్లాడి, గడువు ముగిశాక అదే అద్దెకు ఇంకో రెండు నెలలు ఉండే వీలు అగ్రిమెంట్‌లో రాయించుకోండి.